ఏమీ కాలేదు గదా

తిరుపతిలో పెరటాసి నెలొస్తే మనుషులతో పాటు లిఫ్టులకూ నిద్ర ఉండదు. బస్టాండు చుట్టూ సందుల్లో ఐదారంతస్తుల లాడ్జీలు. తెల్లవారుజామున మూడింటికి కొండకు బయల్దేరేవాళ్ళు దిగుతుంటారు, అదే వేళకు దర్శనం చేసుకొచ్చినవాళ్ళు ఎక్కుతుంటారు. గుండు మీద గంధం, చంకలో నిద్రపోయే పిల్లలు, చేతుల్లో లడ్డూ సంచులు. ఆరుగురికి అని రాసిన పెట్టెలో ఎనిమిది మంది. లోపలికి ఎక్కినవాళ్ళెవరూ పైకి చూడరు. చూసినా ట్యూబ్‌లైటూ ఫ్యానూ తప్ప ఏమీ కనపడవు. ఆ పైన, టెర్రస్ మీది చిన్న గదిలో ఉంటుంది నా పని.

నేను లిఫ్టులకూ క్రేన్లకూ డ్రైవులు పెడతాను. డ్రైవు అంటే మోటారు వేగాన్ని మార్చే పెట్టె. మనకొచ్చే కరెంటు 50 హెర్ట్జ్. దాన్ని ముందు డీసీ చేసి, మళ్ళీ మనకు కావలసిన ఫ్రీక్వెన్సీలో ఏసీగా మార్చి మోటారుకు ఇస్తుంది. పాత లిఫ్టులు కుదుపుతో బయల్దేరి కుదుపుతో ఆగేవి. ఇప్పుడు మెల్లగా లేచి, మెల్లగా నిలబడుతున్నాయంటే ఈ పెట్టె వల్లే. పెట్టెను గోడకు బిగించడం గంట పని. దానికి సెట్టింగులు సరిగ్గా పెట్టడమే అసలు పని.

కొన్నేళ్ళ కిందట, గరుడ సేవకు ముందురోజు రాత్రి పదకొండింటికి ఒక లాడ్జీ ఓనరు ఫోన్ చేశాడు. లిఫ్టు రెండు మూడు ట్రిప్పులు తిరిగి ఆగిపోతోందట. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాణ్ణి బండి మీద ఎక్కించుకుని పోయాను. డిస్‌ప్లే మీద బ్రేక్ ఫీడ్‌బ్యాక్ ఫాల్ట్. అంటే, 'బ్రేకును విప్పుకోమన్నాను, విప్పుకున్నట్టు నాకు కబురు రాలేదు' అని డ్రైవు ఫిర్యాదు. లిఫ్టు బ్రేకుకు రెండు చేతులుంటాయి. మోటారు షాఫ్టు మీది డ్రమ్మును చెరో పక్క నుంచి పట్టుకుంటాయి. ఒక్కో చేతికి ఒక చిన్న స్విచ్. ఆ చెయ్యి విప్పుకుందో లేదో చెప్పడమే దాని పని. ఎడమచేతి స్విచ్ ఒకసారి చెప్తోంది, ఒకసారి చెప్పడం లేదు.

అలాంటి స్విచ్చులు నాకు కొత్త కాదు. దుమ్ము చేరుతుంది, స్క్రూ వదులవుతుంది. చాలాసార్లు తప్పు స్విచ్చిదే అవుతుంది, బ్రేకుది కాదు. ఏది నిజమో తేలాలంటే లిఫ్టు ఆపాలి, బరువు బ్రేకు మీద పడకుండా చూసుకోవాలి, బ్రేకు విప్పాలి. మూడు నాలుగు గంటలు. లైనింగ్ మార్చాల్సొస్తే ఇంకో రోజు.

"రేపు గరుడ సేవ సామీ. అన్ని రూములూ ఫుల్లు. ఐదో అంతస్తులో ఒక ముసలాయన ఉండాడు, మోకాళ్ళు పని చెయ్యవు. ఆయన్ని ఎత్తుకోని దిగేదా నేను?" అన్నాడు ఓనరు.

నేను మెనూలోకి వెళ్ళి ఒక అంకె మార్చాను. ఒకటి ఉన్నచోట సున్నా. ఆ స్విచ్ చెప్పేది వినడం డ్రైవు మానేసింది. పాత రోజుల్లో అయితే ఇలాంటి పనికి ఒక తీగ ముక్క వేయాల్సి వచ్చేది. ప్యానెల్ తెరిస్తే ఆ తీగ ఎవరికైనా కనపడేది. ఇప్పుడు తీగ కూడా అక్కర్లేదు. లిఫ్టు చక్కగా తిరిగింది. మోటారు కరెంటు మామూలు కంటే కొంచెం ఎక్కువ చూపిస్తోంది. లోపల జనం ఎక్కువున్నారు కాబోలు అనుకున్నాను. ఓనరు కాఫీ తెప్పించాడు. కుర్రాడు నా పక్కనే నిలబడి అంతా చూశాడు. పండగయ్యాక వచ్చి చూస్తానని చెప్పి వచ్చేశాను.

మళ్ళీ వెళ్ళింది పదకొండు రోజుల తర్వాత. ఆ పదకొండు రోజుల్లో ఏమీ కాలేదు.

ఇది ఆ 'ఏమీ కాలేదు' గురించి.

* * *

ఫ్యాన్‌కు డ్రైవు పెట్టడం వేరు, లిఫ్టుకు పెట్టడం వేరు. ఫ్యాను విషయంలో ఏదైనా తేడా వస్తే స్విచ్ కట్టేస్తే చాలు, అదే ఆగుతుంది. ఆగిన ఫ్యాను ఎవరికీ హాని చెయ్యదు. ఎత్తిన బరువు అలా కాదు. మూడో అంతస్తులో నిలబడ్డ లిఫ్టును చూసి అది విశ్రాంతిగా ఉందనుకుంటాం. ఆ విశ్రాంతిని ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి. కదులుతున్నప్పుడు మోటారు పట్టుకుంటుంది, ఆగినప్పుడు బ్రేకు పట్టుకుంటుంది. ఎవరూ పట్టుకోని క్షణం ఒక్కటి ఉన్నా ఆ క్షణంలో భూమి పట్టుకుంటుంది.

మా అవ్వ బావిలో నీళ్ళు చేదుతుంటే గిలక పక్కన నిలబడి చూసేవాణ్ణి. చేంతాటి మీద కుడిచెయ్యి గట్టిగా బిగుసుకున్నాకే ఎడమచెయ్యి వదిలేది. ఎడమచెయ్యి పట్టుకున్నాక మళ్ళీ కుడి. ఎంత మాటల్లో ఉన్నా ఆ వరుస తప్పేది కాదు. డ్రైవులో బ్రేకు సెట్టింగు అచ్చం అదే. లిఫ్టు బయల్దేరేముందు మోటారులో తగినంత టార్క్, అంటే తిప్పే బలం పుట్టాలి. పుట్టిందని డ్రైవు రూఢి చేసుకోవాలి. అప్పుడే బ్రేకు విప్పుకోవాలి. ఆగేటప్పుడు వేగం దాదాపు సున్నాకు రావాలి, బ్రేకు మూసుకోవాలి, మూసుకుందని తెలిశాక మోటారు వదలాలి. వరుస ఒక్క అర సెకను తారుమారైనా లిఫ్టు బయల్దేరే ముందు కొంచెం జారుతుంది. ఎక్కినవాళ్ళకు కడుపులో ఝల్లుమంటుంది. నవ్వుకుని మర్చిపోతారు. నా బోటివాడు మాత్రం ఆ ఝల్లుమనడాన్ని మర్చిపోకూడదు.

కొత్త డ్రైవుల్లో 'సేఫ్ టార్క్ ఆఫ్' అని ఒక సదుపాయం ఉంటుంది. ఆపద వస్తే మోటారు నుంచి బలాన్ని పూర్తిగా తీసేస్తుంది. పేరులో సేఫ్ అని ఉంది కదాని కొత్తవాళ్ళు దాన్ని నమ్ముకుంటారు. ఫ్యాను లాంటివాటికి అది సేఫే. వేలాడే బరువుకు బలం తీసేయడం అంటే చెయ్యి వదిలేయడం. వెంటనే బ్రేకు పట్టుకుంటేనే దానికా పేరు చెల్లుతుంది.

లిఫ్టు అనగానే అందరికీ తాడు తెగడం గుర్తొస్తుంది. సినిమాలు అలా నేర్పాయి. 1854లో న్యూయార్క్‌లో ఎలీషా ఓటిస్ ఒక ప్రదర్శనలో జనం చూస్తుండగా తాను నిలబడ్డ వేదిక తాడును తెగ్గొట్టించాడు. వేదిక పడలేదు. తాను కనిపెట్టిన సేఫ్టీ పట్టుకుంటుందని అలా నమ్మించాడు. అప్పటి నుంచి తాడు భయం చాలావరకు తీరిపోయింది. మూడు, అంతకంటే ఎక్కువ తాళ్ళుండే లిఫ్టుల్లో అవి మోయాల్సిన బరువుకు పన్నెండింతలు మోయగలిగేలా లెక్క వేస్తారు. నన్ను భయపెట్టేది అది కాదు, లిఫ్టు పైకి పడిపోవడం.

అవును, పైకే. పెట్టెకు అవతలి పక్క కౌంటర్‌వెయిట్ వేలాడుతుంటుంది. దాని బరువు ఖాళీ పెట్టె బరువుకు లిఫ్టు మోయగలిగే బరువులో దాదాపు సగం కలిపినంత. మనిషికి 68 కిలోల లెక్కన ఆరుగురి లిఫ్టు అంటే 408 కిలోలు. అందులో సగం సుమారు 200. కాబట్టి లోపల ఒక్కరే ఉన్నప్పుడు అవతలి పక్కే బరువెక్కువ. బ్రేకు వదిలేస్తే ఆ ఒక్కరితో పెట్టె పైకి దూసుకుపోతుంది. నిండుగా ఉంటే కిందికి, ఖాళీగా ఉంటే పైకి. ఎటు పడుతుందో ఎక్కినవాళ్ళను బట్టి ఉంటుంది. ఎక్కినవాళ్ళకు మాత్రం ఇది తెలియదు.

ఇదే కారణంగా ఖాళీ లిఫ్టు పైకి పోయేటప్పుడు, నిండు లిఫ్టు దిగేటప్పుడు మోటారు జనరేటర్ అయిపోతుంది. బరువే దాన్ని తిప్పుతుంది. పుట్టిన కరెంటు వెనక్కి డ్రైవులోకి వస్తుంది. 415 వోల్టుల ఏసీని మార్చిన డ్రైవులో మామూలుగానే 580 వోల్టుల పైన డీసీ ఉంటుంది. అది ఇంకా పెరిగిపోతుంటే ఎక్కడో ఖర్చు చేయాలి. అందుకే ఒక రెసిస్టర్ పెట్టి వేడి రూపంలో తగలేస్తాం. ఆ రెసిస్టర్ చిన్నదైనా, దాని తీగ ఊడినా, డ్రైవు తనను తాను కాపాడుకోవడానికి ట్రిప్ అవుతుంది. అంటే చెయ్యి వదిలేస్తుంది. అప్పుడు కూడా దిక్కు ఆ బ్రేకే.

అందుకని మా పనిలో నియమాలన్నీ ఒకే ప్రశ్నకు జవాబులు: ఇది వదిలేస్తే ఇంకెవరు పట్టుకుంటారు? ట్రిప్ అయిన డ్రైవు తనంతట తాను మళ్ళీ స్టార్ట్ కాకూడదు. తాళ్ళు వేసి ఉన్న మోటారును తిప్పుతూ ఆటోట్యూన్ చేయకూడదు, ఎందుకంటే ఆ సమయంలో బ్రేకు విప్పి ఉంటుంది, మోటారుకు ఇంకా తన బలమెంతో తెలియదు. మెయిన్ కట్టేసిన వెంటనే డ్రైవులో చెయ్యి పెట్టకూడదు. కెపాసిటర్లలో కరెంటు కొన్ని నిమిషాలు నిలిచే ఉంటుంది. మీటరుతో చూసుకుని ముట్టుకోవాలి. జనాన్ని ఎక్కించే ముందు బస్తాలు పెట్టి, మామూలు కంటే పాతిక శాతం ఎక్కువ బరువుతో కిందికి తోలి, బ్రేకు ఒక్కటే ఆపగలుగుతోందో లేదో చూడాలి. బ్రేకును కూడా స్ప్రింగులే మూసి ఉంచుతాయి. విప్పడానికే కరెంటు కావాలి. కరెంటు పోతే దానంతట అదే పట్టుకుంటుంది. ఆ బ్రేకు చేతులు కూడా రెండు. ఒకటి మొండికేసినా రెండోది ఆపగలగాలి.

ఇంత అపనమ్మకం మధ్య నేను సున్నా పెట్టింది ఒక చెయ్యి గురించి చెప్పే స్విచ్‌కు.

* * *

పదకొండు రోజుల తర్వాత బ్రేకు విప్పాం. స్విచ్ శుభ్రంగా ఉంది. అది నిజమే చెప్పింది. ఎడమచెయ్యి పిన్ను దగ్గర తుప్పు పట్టి, పూర్తిగా విప్పుకోవడం లేదు. లైనింగ్ డ్రమ్మును రాసుకుంటూ, కాలుతూ, అద్దంలా నున్నగా అయిపోయింది. అలాంటి లైనింగ్ దేన్నీ గట్టిగా పట్టుకోలేదు. ఆ రాపిడే మోటారు కరెంటు ఎక్కువ చూపించడానికి కారణం. నేను చూసి కూడా జనం మీదికి తోసేశాను. బ్రహ్మోత్సవాల్లో మిగిలిన రోజులన్నీ ఆ లిఫ్టు ఒంటిచేత్తో వేలాడింది. ఆరుగురి పెట్టెలో ఎనిమిది మందితో.

కుడిచెయ్యి బాగుంది కాబట్టి ఏమీ కాలేదు. కుడిచెయ్యి బాగుండటంలో నా గొప్ప ఏమీ లేదు. ఆ రాత్రి నేను దాన్ని చూడనే లేదు.

అమెరికన్ తత్వవేత్త థామస్ నాగెల్, ఇంగ్లీషు తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ 1976లో ఒకే పేరుతో చెరో వ్యాసం ప్రచురించారు. 'మోరల్ లక్' అని. నైతికతలో అదృష్టం పాత్ర ఎంత అన్నది వాళ్ళ ప్రశ్న. నాగెల్ ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి లారీ డ్రైవరుది. బ్రేకులు చెక్ చేయించకుండా బండి తీసుకెళ్తాడు. దారిలో ఒక పిల్లాడు అడ్డం వస్తే జీవితాంతం తనను తాను క్షమించుకోలేడు, లోకమూ క్షమించదు. ఎవరూ అడ్డం రాకపోతే? ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుంటాడు. ఇద్దరు డ్రైవర్లు చేసిందీ ఒకటే. తేడా వాళ్ళ చేతిలో లేని ఒక పిల్లాడు. మరి ఒకడు నేరస్థుడు, ఇంకొకడు మామూలు మనిషి ఎలా అయ్యారు?

ఆ వ్యాసం నా చేతికి ఆలస్యంగా వచ్చింది. చదువుతుంటే ఉదాహరణకు బ్రేకే దొరికిందా ఈయనకు అనిపించింది. నేను అన్నం తిని పడుకున్న డ్రైవర్ని.

చట్టం ఎక్కువగా ఫలితాన్ని చూస్తుంది. దెబ్బ తగిలినవాడు లేకపోతే సంగతి కేసు దాకా పోవడం అరుదు. అందులో తప్పేమీ లేదు. మనసు మాత్రం చట్టం దగ్గరే ఆగిపోతే చిక్కు. 'ఏమీ కాలేదు' అన్న మాటను మనం రెండు అర్థాల్లో వాడుతుంటాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు అనేది ఒకటి. అది నిజం, అందుకు దణ్ణం పెట్టుకోవచ్చు. నేను చేసిందాంట్లో తప్పు లేదు అనేది రెండోది. మొదటిది చెప్పి రెండోదాన్ని ఊరికే పట్టుకుపోతాం, కూరగాయలు కొంటే కొసరుగా కరివేపాకు తెచ్చుకున్నట్టు.

1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయి ఏడుగురు చనిపోయారు. రాకెట్ల కీళ్ళ దగ్గర వేడి గ్యాసు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగులు ఆ చలికి బిగుసుకుపోయి పని చేయలేదు. ఒక్కో కీలుకు రెండు రింగులు. ఒకటి పోతే ఇంకొకటి. అంతకుముందు ప్రయోగాల్లో రింగులు కొంత కాలిపోయి కనిపించాయి. నౌకలు మాత్రం క్షేమంగా తిరిగొచ్చాయి. తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ కాలిన రింగు హెచ్చరికగా కాక, ఫర్వాలేదనడానికి రుజువుగా మారుతూ పోయింది. విచారణ సంఘంలో ఉన్న ఫిజిక్స్ శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ దీన్ని ఒకే గుండు పెట్టిన రివాల్వర్‌ను కణతకు ఆనించుకుని ఆడే ఆటతో పోల్చాడు. మొదటిసారి గుండు పేలలేదంటే రెండోసారికి అది భరోసా కాదు కదా అన్నది ఆయన మాట. డయాన్ వాన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ సంగతిని తవ్వి 1996లో పెద్ద పుస్తకం రాసింది. అందులో ఆమె తేల్చింది అక్కడ దుర్మార్గులు ఉన్నారని కాదు. తప్పు కొంచెం కొంచెంగా మామూలైపోయిందని.

రెండు రింగులు, రెండు చేతులు. రెండోది ఉంది కాబట్టే మొదటిది పాడైనా మనకు తెలియలేదు. రెండోదాన్ని పెట్టినవాడు మనల్ని కాపాడాలని పెట్టాడు. మనం దాన్ని మన తప్పును దాచిపెట్టే చోటుగా వాడుకుంటాం.

* * *

ఓనరును దుర్మార్గుడిగా చూపిస్తే ఈ వ్యాసం తేలికైపోతుంది. ఆయన అలాంటివాడు కాదు. ఐదో అంతస్తు ముసలాయన నిజంగానే ఉన్నాడు. లిఫ్టు ఆపితే ఎవరికీ ఏమీ కాదు అనుకోవడం కూడా అబద్ధమే. మోకాళ్ళు లేనివాళ్ళు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, నిండు చూలాళ్ళు ఐదంతస్తులు ఎక్కి దిగుతారు. అందులో ఒకరు కూలబడిపోవచ్చు. ఆపడం ఎప్పుడూ భద్రమేనని అనుకోవడం ఫ్యాన్ల లోకంలో చెల్లుతుంది, మనుషుల లోకంలో కాదు. మరి నేను ఆపకపోవడంలో తప్పేంటి?

దీనికి నాకు చాలాకాలం జవాబు దొరకలేదు. ఇప్పుడు తోచింది చెప్తాను. లిఫ్టు పని చేయడం లేదు అని బోర్డు పెడితే ఆ ఇబ్బంది అందరికీ కనపడుతుంది. ముసలాయన కింది అంతస్తులో రూము అడగొచ్చు. ఇంకొకరు పక్క లాడ్జీకి పోవచ్చు. ఒక కుర్రాడు మెట్లెక్కి పోతాడు. ఓనరు నలుగురు బాయ్‌లను పెట్టి కుర్చీలో మోయించవచ్చు. కష్టమే, కానీ ఎవరి కష్టానికి వాళ్ళు దారి వెతుక్కుంటారు. సున్నా పెట్టి తిప్పితే ఆ వెతుక్కునే అవకాశమే ఉండదు. ఘాట్ రోడ్డు మీద బస్సెక్కేవాడికి మలుపులు కనపడతాయి, దేవుడి మీద భారం వేసి ఎక్కుతాడు. నా లిఫ్టెక్కినవాడు భారం వేసింది ఎవరి మీదో అతనికి తెలియదు. ఆ ముసలాయన పేరు చెప్పి సున్నా పెట్టాం. ఆయన్ని మాత్రం అడగలేదు. అడిగుంటే ఏమనేవాడో. 'మెల్లిగా మెట్లు దిగుతా నాయనా' అనేవాడేమో.

మా తాత కేజీఎఫ్‌లో పని చేశాడు. సినిమా కేజీఎఫ్ కాదు, కుప్పం దాటి సరిహద్దు అవతలున్న కోలారు బంగారు గనులు. మా వైపు ఊళ్ళ నుంచి చాలామంది అక్కడికి పనికి పోయేవాళ్ళు. 1902లోనే శివసముద్రం నుంచి కరెంటు తెచ్చుకున్న గనులవి. మూడు కిలోమీటర్ల పైన లోతుకు దిగాయి. 2001లో మూతపడ్డాయి. మనుషుల్ని పెట్టెలో కిందికి దింపేది, పైకి లాగేది నేల మీద ఒక షెడ్డులో కూర్చున్న వైండింగ్ ఇంజన్ డ్రైవరు. అతనికి పెట్టె కనపడదు. గంటల సైగలు, ఎదురుగా లోతు చూపించే ముల్లు, అంతే. చిన్నప్పుడు తాతను అడిగాను, భయం కాలేదా అని. "ఎక్కేటప్పుడు భయం లేదు రా. పైన వాడు మేలుకోని ఉంటాడు గదా" అన్నాడు. వాడి పేరేంటి తాతా అంటే తెలియదన్నాడు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా అతని మొహం చూడలేదట.

ఆ మాట అప్పుడు నాకు అమాయకత్వంలా అనిపించింది. ఇప్పుడు అందులో ఒక ఒప్పందం కనిపిస్తుంది. కింద ఉన్నవాడు పైన ఉన్నవాణ్ణి చూడకుండా నమ్ముతాడు. పైన ఉన్నవాడు తనను ఎవరూ చూడకపోయినా మేలుకుని ఉంటాడు. ఈ ఒప్పందం మీద ఎవరి సంతకమూ లేదు. అది నడిచినంతకాలం ఎవరికీ గుర్తుకు రాదు. సరిగ్గా చేస్తే కనపడని పనికి మెచ్చుకోలు ఉండదు. సరిగ్గా చేయకపోయినా చాలాసార్లు కనపడదు కాబట్టి తిట్లూ ఉండవు. మిగిలేది చేసినవాడు ఒక్కడే.

* * *

బ్రేకు విప్పిన రోజు కొత్త లైనింగ్ వేసి, పిన్ను మార్చి, సున్నాను మళ్ళీ ఒకటి చేశాను. ఓనరుకు సంగతి మొత్తం చెప్పలేదు. 'లైనింగ్ అరిగింది, మార్చినాం' అని బిల్లు ఇచ్చాను. కుర్రాడు ఆ నున్నబడ్డ లైనింగ్‌ను చేతిలో తిప్పి చూసి పక్కన పడేశాడు. నేనేమీ అనలేదు. ఆ రోజు ఆ లైనింగ్ గురించి రెండు మాటలు చెప్పి ఉండాల్సింది. సిగ్గేసింది. సిగ్గును మౌనం కింద దాచాను.

రెండేళ్ళ తర్వాత కుర్రాడు సొంతంగా పనులు పట్టుకోవడం మొదలుపెట్టాడు. చిత్తూరు దగ్గర ఒక గ్రానైట్ యూనిట్‌లో గ్యాంట్రీ క్రేన్ తేడాగా ఉందని, అతను ఊళ్ళో లేడని, నన్ను రమ్మన్నారు. గ్రానైట్ ఒక ఘనపు మీటరు రెండున్నర టన్నుల పైనే ఉంటుంది. మూడు ఘనపు మీటర్ల బండ ఒక్కటి ఎనిమిది టన్నులు. దాని కింద కాకపోయినా దాని చుట్టూ మనుషులు తిరుగుతుంటారు, చైన్లు తగిలించడానికి, దిక్కు తిప్పడానికి. నేను డ్రైవులో ఒక్కో సెట్టింగూ చూసుకుంటూ పోయాను. బ్రేక్ ఫీడ్‌బ్యాక్ దగ్గర సున్నా ఉంది.

ఫోన్ చేశాను.

"ఇది ఎవరు పెట్టినారు రా?"

"నేనే అన్నా. స్విచ్ ప్రాబ్లమ్. లోడింగ్ ఉండె, ఆపొద్దన్నారు. మళ్ళీ పోయి చూద్దామనుకుంటి, కుదర్లా."

"ఎన్నాళ్ళయింది?"

"నాలుగైదు నెలలు. ఏం కాలేదు గదా అన్నా." కాసేపు ఆగి అన్నాడు. "గరుడ సేవప్పుడు మీరు చేసినట్టే చేస్తి."

అతని గొంతులో వెటకారం లేదు. గురువు దగ్గర నేర్చుకున్న విద్యను గుర్తు చేస్తున్నాడు, అంతే.

ఏమీ కాలేదు అని నేను రెండేళ్ళు అనుకున్నది అబద్ధమని ఆ షెడ్డులో తెలిసింది. లిఫ్టులో ఎవరికీ ఏమీ కాలేదు. మెషీన్ రూములో మాత్రం ఒకటి జరిగింది. ఒక కుర్రాడు నేర్చుకున్నాడు. నేను రోజూ నోటితో నేర్పిన నియమాలన్నిటి కంటే ఆ ఒక్క రాత్రి నా వేలు చూసి నేర్చుకున్నది గట్టిగా నిలిచింది. ఆ రాత్రి ప్రమాదం జరిగి ఉంటే అతను ఇంకోలా నేర్చుకునేవాడు. జరగలేదు కాబట్టి, ఓనరు కాఫీ తెప్పించాడు కాబట్టి, అది తెలివైన పనిగా మిగిలిపోయింది. మన తప్పుల్లో దెబ్బ తగిలినవి కథలుగా మారి నలుగురిని హెచ్చరిస్తాయి. దెబ్బ తగలనివి పద్ధతులుగా మారతాయి.

ఆ సాయంత్రం వరకు క్రేన్ ఆపించి బ్రేకు విప్పాను. బాగానే ఉంది. స్విచ్ బ్రాకెట్ వంగి ఉంది, సరిచేశాను. వచ్చేదారిలో కుర్రాడింటికి వెళ్ళాను. ఆ పదకొండు రోజుల తర్వాత బ్రేకులో ఏం చూశామో, ఆ లైనింగ్ అలా ఎందుకయిందో, కరెంటు ఎక్కువ చూపిస్తే నేనేమనుకున్నానో అంతా చెప్పాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోలేదు గానీ, ఇంకొకరి దగ్గరికి పాకడం ఆగుతుందేమో అనిపించింది. అతను చాలాసేపు మాట్లాడలేదు. "ఆపొద్దే చెప్పుంటే బాగుండు గదా అన్నా" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

లాడ్జీ ఓనరు దగ్గరికి కూడా పోయి చెప్పాను. ఆయన రిసెప్షన్‌లో తాళాలు లెక్కపెట్టుకుంటూ విన్నాడు. "ఏమీ కాలేదు గదా సామీ. ఇప్పుడెందుకు అవన్నీ?" అన్నాడు. దయగానే అన్నాడు.

అప్పటి నుంచి నేను పని చేసే ప్రతి ప్యానెల్ తలుపు లోపల ఒక కాగితం అతికిస్తాను. ఏ సెట్టింగు మార్చాం, ఎందుకు, ఏ తేదీ, ఎవరు. రక్షణకు సంబంధించినదైతే మార్చిన తర్వాత మనుషుల్ని ఎక్కించకూడదని పైన పెద్దక్షరాల్లో. పెద్ద ఉపాయమేమీ కాదు. పాతకాలం తీగ ముక్క చేసే పని చేస్తుందంతే. మార్చినవాడికీ ఆ తర్వాత వచ్చేవాడికీ కంటికి కనపడుతుంది.

పోయిన పెరటాసిలో ఒక శనివారం సాయంత్రం కుర్రాడు ఫోన్ చేశాడు. ఇంకో లాడ్జీ, అదే ఫాల్ట్.

"స్విచ్చే అబద్ధం చెప్తా ఉండాదనిపిస్తాందన్నా. అయినా ఆపేసినా. ఓనరు తిడతా ఉండాడు. కింద జనాలు నిలబడుండారు."

"తిట్టనీలే. విప్పి చూడు."

నాలుగు గంటల తర్వాత మళ్ళీ చేశాడు. "బ్రేకు సూపర్‌గా ఉందన్నా. స్విచ్చిలో దుమ్ము. ఊరికే ఆపినాం."

ఊరికే కాదు రా అన్నాను. ఎందుకు కాదో ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను.